పాలమూరు గూడ్స్ షెడ్డులో పద్నాలుగు మంది

మా నల్లగొండ జిల్లాలో రైలు చూడనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. భువనగిరి, ఆలేరు దిక్కువాళ్లను పక్కన పెడితే, మిగతావాళ్లకు రైలంటే ఎవరో చెప్పగా విన్న సంగతే. అటువంటిది, పాత రైలు సామాన్ల ప్రదర్శన చూడడానికి నేను తిరుమలగిరి నుంచి పాలమూరు దాకా రెండు రోజులు బస్సుల్లో నడుము విరగ్గొట్టుకొని పోయి వచ్చానంటే మా బడిలో తోటి పంతుళ్లు నవ్వారు. "రైలు చూడాలంటే భువనగిరికి పోతే అయిపోవు గద సార్, గంత దూరమెందుకు?" అన్నారు. నవ్వనీ అనుకున్నాను. నేను చూడబోయింది రైలును కాదు, మా నాయిన ముఖాన్ని.

మా నాయిన పేరు బీరయ్య. నేను పుట్టడానికి నాలుగు నెలల ముందే పోయాడు. మాది గొర్లు కాచే ఇల్లు. రోగం తగిలి మంద మొత్తం పోయిన ఏడు, బతుకుతెరువు లేక అమ్మను వెంటబెట్టుకొని పాలమూరు దిక్కు రైలు కట్ట పనికి పోయాడట. దుందుభి వాగు మీద వంతెన కడుతున్నచోట గుంపులో కూలీ. అక్కడే జ్వరం పట్టుకొని నాలుగు దినాల్లో ప్రాణం పోయింది. కడుపులో నన్ను మోసుకొని అమ్మ పుట్టింటికి తిరిగొచ్చింది.

నాకు నలభై దాటాయి. నాయిన ఎట్లుండేవాడో తెలియదు. చిన్నప్పుడు అలిగి అడిగాను, వయసులో కోపంతో అడిగాను, పిల్లల తండ్రినయ్యాక బతిమాలి అడిగాను. ఎప్పుడడిగినా అమ్మది ఒకటే జవాబు: "మనిషి లెక్కనే ఉంటుండె." ఆ తరువాత లేచి ఏదో పని మీద పడేది. నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చేదో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

అణాల బదులు కొత్త పైసలు వచ్చిన ఏడాది, చలి మొదలైనప్పుడు, మా మల్లయ్య మామ నుంచి కార్డు వచ్చింది. మామ అమ్మకు చిన్నతమ్ముడు. పాలమూరు స్టేషన్లో పట్టాల పనిలో చేరి మేస్త్రీ అయ్యాడు. ఎవరితోనో రాయించినట్టున్నాడు. స్టేషన్ గూడ్స్ షెడ్డులో పాత రైలు సామాన్లన్నీ పెట్టి జనానికి చూపిస్తున్నారు, పదిహేను దినాలే ఉంటాయి, దాంట్లో దుందుభి వంతెన కట్టేటప్పటి ఫోటో ఒకటున్నది, పద్నాలుగు మంది కూలీలు వరుసగా నిలబడి ఉన్నారు, బావ ఆ గుంపులోనే పని చేసిండు గద, నాకు బావ ముఖం యాదికి లేదు, అక్కను తీసుకొని రా అని.

అక్కను తీసుకొని రా అని రాయడం తేలిక. అమ్మకు రెండు కండ్లకూ పొరలు కమ్మాయి. మనిషి నీడ తెలుస్తుంది గానీ ముఖం తెలియదు. నల్లగొండ దవాఖానకు పోదామంటే, కత్తి అన్న మాట వినగానే లేచి పోతుంది. గుర్తుపట్టగలిగిన మనిషికి చూపు లేదు. చూపున్న నేను ఆయనను ఎన్నడూ చూడలేదు. కార్డు చదివి వినిపిస్తే అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. రానంటుందేమో అనుకున్నాను. తెల్లారి లేచేసరికి ముల్లె కట్టుకొని గడప మీద కూచుంది.

నల్లగొండ బస్సుల కాడ

సూర్యాపేట మీదుగా నల్లగొండ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. బస్సుల కాడ కాలు పెట్ట సందు లేదు. సాగర్ కట్ట పనికి పాలమూరు జిల్లా నుంచి వచ్చిన జనం. మేము పోయే దిక్కు నుంచి వాళ్లు ఇటు వస్తున్నారు. తట్టలు, పారలు, వంట గంజులు, గంపల్లో కోళ్లు, చంకల్లో పిల్లలు. ఒక ముసలాయన తన మంచాన్ని కూడా బస్సు మీద వేయించుకొని వచ్చాడు. మా దిక్కు కరువొస్తే ఇంటికొకరు పోతారు. వీళ్లు ఇంటికి ఇల్లే కదిలి వచ్చారు.

అమ్మ పక్కన ఒక పడుచుపిల్ల చతికిలబడింది. అమ్మకు ముఖం కనిపించకపోయినా ఆయాసం వినిపించినట్టుంది.

"ఎన్నో నెల బిడ్డా?" అంది.

"ఐదోదవ్వా."

"ఏ ఊరు?"

"మక్తల్ దిక్కు. ఊరు ఊరే వస్తాంది. ఆనలు లేవు."

"ఇంటి కాడ ఎవలున్నరు?"

"తాళమున్నది," అని నవ్వింది ఆ పిల్ల.

అమ్మ నవ్వలేదు. ముల్లె విప్పి మా జొన్నరొట్టెలు నాలుగూ, ఉల్లిగడ్డతో సహా, ఆ పిల్ల ఒళ్లో పెట్టింది. నాకు ఒళ్లు మండింది. "ఒకటన్న ఉంచవా? మనమేం తినాలె, గాలి తినాల్నా?" అన్నాను. ఆ పిల్ల రొట్టె తుంచి నాకు ఇవ్వబోతే సిగ్గుపడి వద్దన్నాను. దేవరకొండ దాకా కడుపు కాలుతూనే ఉంది.

ఆ రాత్రి దేవరకొండలో, నాతో చదువుకున్న ఒక ఉపాధ్యాయుని ఇంట్లో తలదాచుకున్నాం. ఆయన భార్య పచ్చిపులుసు చేసి పెట్టింది. ఆకలికి అదే అమృతం.

కల్వకుర్తిలో తప్పిన బస్సు

డిండి దాటాక నేల రంగు మారుతుంది. మా దిక్కు రాళ్లు గుండ్లు గుండ్లుగా ఒకచోట కుప్పపడి ఉంటాయి. ఇక్కడ పరుపుబండ నేలతో కలిసిపోయి, దాని మీదనే ఆముదాలు, జొన్నలు. గొర్లమందలు మావే అన్నట్టున్నాయి గానీ కాపరులు గొంగడి కప్పుకొనే తీరు వేరు. మావాళ్లు మడత పెట్టి భుజం మీద వేసుకుంటే, వీళ్లు తల మీది నుంచి దించి పుల్లతో గుచ్చుతారు. ఇదంతా నేను చెప్తుంటే అమ్మ "ఊ" కొడుతూ విన్నది. ఉన్నట్టుండి, "ఫోటువల నిలబడ్డోల్ల మొకాలు అందరియి పడతయా కొడుకా? ఒకలిద్దరియి పడకుంట గూడ ఉంటయా?" అంది. ఎందుకు పడవు, పడతాయి అన్నాను. కొంచెం సేపటికి మళ్లీ అదే అడిగింది. పిల్లలకు ఎక్కం చెప్పినట్టు ఎన్నిసార్లు చెప్పాలని కసిరాను.

కల్వకుర్తిలో దిగేసరికి సంత. సీతాఫలాలు గంపలకు గంపలు. గంపెడు రెండు అణాలంటే కొత్త పైసలు పన్నెండు తీసి ఇచ్చాను. అమ్మే ఆమె అరచేతిలో పెట్టుకొని తిప్పి చూసి, "గీ సన్న బిళ్లలు నాకొద్దు సారూ, జర పాత అణాలుంటే ఇయ్యి, లేకుంటే ఊకెనే తీస్కపో," అంది. ఊరికే తీసుకుపొమ్మనే అంగడి మా నల్లగొండలో ఎన్నడూ చూడలేదు. జేబులన్నీ వెతికి పాత అణాలు తీసిచ్చాను. హోటల్లో రొట్టె మీదికి పల్లికాయ తొక్కు వేశారు. చాయ సాసర్లో పోసి ఇచ్చారు. మంచిగానే ఉన్నాయి.

మంచిగా లేనిది నా బుద్ధి. నేను పంతులును గదా, ఒకరిని అడిగేదేమిటని ఎదురుగా ఉన్న బస్సెక్కి కిటికీ పక్కన అమ్మను కూచోబెట్టాను. కూచోగానే అమ్మ ముందు సీటు ఆవిడను అడిగింది. "గీ బస్సు జడ్చర్ల పోతదా అక్కా?" ఆవిడ నోరు తెరిచి, "అయ్యో, గిది అచ్చంపేట పోతది! శ్రీశైలం దారి! దిగుండ్రి దిగుండ్రి!" అని అరిచింది. కండక్టరు మీద ఎగిరాను. "నేనేమన్న జడ్చర్ల అంటినా సారూ? మీరేమన్న అడిగితిరా?" అన్నాడతను నెమ్మదిగా. ఈలోగా జడ్చర్ల బస్సు పోయింది, రెండు గంటలు ఎండలో నిలబడ్డాం. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తెప్పించుకున్న కోపమంతా నాకు నా మీదనే తిరిగింది.

పట్టాల పక్క ఇల్లు

పాలమూరులో మామ ఉండే క్వార్టరు స్టేషన్‌కు ఆనుకొని, పట్టాలకు ఇరవై అడుగుల్లో ఉంది. మేము కాళ్లు కడుక్కొని కూచున్నామో లేదో, కర్నూలు నుంచి సికింద్రాబాదు పోయే బండి వచ్చింది. గోడకు వేలాడదీసిన గంటెలు గలగలలాడాయి. నేల అదిరింది. అమ్మ రెండు చేతులూ నేలకు ఆనించి, బండి పూర్తిగా దాటేదాకా అట్లాగే ఉండిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. తాను తట్టలు మోసి పోసిన కట్ట మీద రైలు పోవడం అమ్మ ఎన్నడూ చూడలేదు. పట్టాలు పరవకముందే తిరిగొచ్చేసింది. ఇన్నేళ్లకు వచ్చింది గానీ, ఇప్పుడు చూపు లేదు.

"గింత బరువుంటదారా మల్లిగా?" అని మామను అడిగింది.

"ఇంక గిది చిన్న బండే అక్కా. గూడ్సు బండి వస్తే మంచం జరుగుతది."

"మరి కట్ట దిగదా?"

"ఏం దిగదు. నలభై ఏండ్ల సంది ఉన్నదున్నట్టే ఉన్నది. మేము పైపైన కంకర సదురుతం, గంతే."

అమ్మ తల ఊపింది. ఆ మాట ఆమెకు బాగా నచ్చిందని ముఖం చూస్తే తెలిసింది. ఆ పూట మామ భార్య జొన్న గటక వండితే కడుపునిండా తిన్నది.

గూడ్స్ షెడ్డు

తెల్లారి పదింటికి షెడ్డు తెరిచారు. బయట పక్కపట్టా మీద ఒక చిన్న పాత ఇంజను నిలబెట్టారు. జనానికి ఎవరు చెప్పారో ఏమో, దాని ముందు అప్పటికే కొబ్బరికాయలు కొట్టి ఉన్నాయి. నుదుటికి పెట్టినట్టు లాంతరు కింద పసుపూ కుంకుమా. ఆడవాళ్లు చెప్పులు విడిచి చుట్టూ తిరుగుతున్నారు. దస్రాకు పనిముట్లకు మొక్కే అలవాటు మా దిక్కూ ఉంది, అందుకని నాకు వింత అనిపించలేదు.

లోపల చూపించేది ఖాసిం సాహెబ్ అనే ముసలి డ్రైవరు. నౌకరీ దిగిపోయి ఐదేళ్లయిందట. తెల్లగడ్డం, ఇస్త్రీ చేసిన పాత నీలం కోటు. మా అమ్మ గడప దగ్గర చెప్పులు విడుస్తుంటే, "ఫికర్ లేదమ్మా, ఏస్కొనే రాండ్రి. గిది గుడి గాదు, మస్జిదు గాదు, సామాన్ల కొట్టు," అన్నాడు. అయినా అమ్మ విడిచే వచ్చింది.

రైలు లేని ఊరి పాఠకులకు అక్కడ ఏమున్నదో చెప్పాలి. ఎర్ర, ఆకుపచ్చ అద్దాలు తిరిగే చేతి లాంతర్లు. టికెట్టు మీద తారీఖు కొట్టే ఇనుప మర. టికెట్టు పెడితే టక్కుమని కొడుతుంది. కూలీలు చేతికి కట్టుకున్న ఇత్తడి బిళ్లలు, అంకెలు అరిగిపోయినవి. నవాబులు, పెద్ద దొరలు ఎక్కిన డబ్బాలోని మకమలు సీటు ఒకటి. దాని మీద ఎవరూ కూచోకుండా తాడు కట్టారు. అన్నిటికంటే ఖాసిం సాహెబ్ ప్రేమగా చూపించింది మాత్రం ఎర్రరంగు ఇనుప పెట్టె. దాంట్లో నుంచి ఒక గుండు తీసి నా చేతిలో పెట్టాడు.

"గిదే టోకెను మాస్టర్ సాబ్. గీ లైన్ల ఒక్కటే పట్టా. పోయే బండి, వచ్చే బండి దాని మీదనే. ముందు స్టేషను వాడు రమ్మంటెనే గీ పెట్టె గుండు ఇడుస్తది. గుండు చేతికి రానిది డ్రైవరు బండి కదిలియ్యడు, లాట్ సాబ్ చెప్పినా కదిలియ్యడు. ముప్పై ఏండ్లు నా పానం, నా ఎనుకున్నోల్ల పానాలు గీ గుండు మీదనే ఉండె."

మరొకప్పుడైతే ఇవన్నీ గంటల తరబడి చూసేవాణ్ని. ఆ రోజు నాకు ఏదీ ఎక్కలేదు. ఫోటో ఎక్కడుందని మూడుసార్లు అడిగాను. "ఆఖర్ల ఉన్నది సాబ్, వరుసగ పోదాం," అన్నాడతను. అమ్మ మాత్రం తొందరపడలేదు. చేతికి అందినదాన్నల్లా తడిమింది. పట్టాలు జరిపే గడ్డపారను పట్టుకొని, "మాయి ఇంక మోటుగుండె," అంది. ఖాసిం సాహెబ్ ఆగి ఆమె దిక్కు కొత్తగా చూశాడు. "నువ్వు కట్ట పని చేసినవా అమ్మా?" అన్నాడు. "దుందుభి కాడ," అంది అమ్మ. ఆయన కోటు గుండీలు సరిచేసుకొని, "మీరు పోసిన కట్ట మీదనే నేను బండి నడిపిన," అని చేతులు జోడించాడు. అమ్మకు అది కనిపించలేదు. నేను చెప్పాను.

వరుసలో పద్నాలుగు మంది

ఫోటో వెనక గోడకుంది. చెక్క చట్రం, అద్దం. కింద ఇంగ్లీషు చేతిరాత, సగం మాసిపోయింది. సగం లేచిన రాతి స్తంభం ముందు పద్నాలుగు మంది మోకాళ్ల దాకా ధోవతులతో వరుసగా నిలబడి ఉన్నారు. ఒక చివర టోపీ పెట్టుకున్న దొర కుర్చీలో కూచున్నాడు.

ముందుగా నా ముక్కు ఎవరికైనా ఉందా అని వెతికాను. మూడోవాడు కంటికి ఆనాడు. మంచి మీసం, ఛాతీ విరుచుకొని నిలబడ్డాడు. ఈయనే అయితే బాగుండు దేవుడా అని మనసులోనే మొక్కుకున్నాను.

"ఎడమ దిక్కు నుంచి ఒక్కొక్కన్నే చెప్పు," అంది అమ్మ.

"మొదటాయన బాగ పొడుగు. చెవులకు పోగులున్నయి. భుజం మీద గడ్డపార."

"రాములు. తరువాత?"

"పొట్టి మనిషి. రుమాలు పెద్దది. కుడిచేతికి బొటనవేలు లేదు."

"సాయన్న. రాయి కింద పడి నలిగింది. ఎడమచేత్తోనే తింటుండె. తరువాత?"

"మంచి మీసాలున్నయి. గట్టి మనిషి."

"ఎంకటి," అంది అమ్మ వెంటనే. "కల్లు తాగి వాగుల పడి పోయిండు పాపం."

నాకు నీరసం వచ్చింది. అయినా చెప్పుకుంటూ పోయాను. నలభై ఏళ్ల తరువాత, చూపు లేకుండా, అమ్మ వాళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచినట్టు చెప్తోంది. ఒకడు పాటలు పాడేవాడట, ఒకడు ఇద్దరు భార్యల మొగుడట. ఎనిమిది మంది అయ్యారు. తొమ్మిదోవాణ్ని చూసేసరికి నాకు చిరాకెత్తింది.

"తొమ్మిదోడు ఎవడో బుద్ధిలేనోడు," అన్నాను. "అందరు సక్కగ నిలబడితే వీడొక్కడు మెడ తిప్పిండు. మొకమంత చెరిగిపోయింది, ముక్కు లేదు, నోరు లేదు. సన్నాసి, ఫోటువ ఖరాబు చేసిండు. పదోడు ముసలాయన, గడ్డమున్నది..."

పదోవాని పేరు చెప్పడానికి అమ్మ కొంచెం ఆలస్యం చేసింది. తరువాత మిగతా అందరివీ చెప్పింది. పద్నాలుగోవాడు కూడా మా నాయిన కాలేదు.

"లేడమ్మా," అన్నాను. "గీ ఫోటువల నాయిన లేడు. మామకు ఏం తెల్వదు, ఊకెనే రమ్మన్నడు."

"మెడ తిప్పినోని గొంగడి ఏ భుజం మీద ఉన్నది?" అంది అమ్మ.

"ఎడమ భుజం మీద. మడత పెట్టి ఉన్నది. అంచు తెల్లగున్నది."

"గా అంచు ఉన్ని నేను వడికిందే."

నేను అద్దానికి దగ్గరగా పోయాను. భుజాలు స్పష్టంగా ఉన్నాయి. గొంగడి మడతలు, కాలి వేళ్లు కూడా లెక్కపెట్టేటట్టు ఉన్నాయి. మెడ పైన మాత్రం పొగ.

"మెడ తిప్పింది మీ నాయినే కొడుకా. తిప్పిచ్చింది నేను," అంది అమ్మ.

గోడకు ఆనుకొని కింద కూచొని చెప్పింది. ఖాసిం సాహెబ్ వచ్చే జనాన్ని అవతలికి పంపి, తను దూరంగా నిలబడ్డాడు.

"దొర పెట్టె తెచ్చి మూడు కాళ్ల మీద నిలబెట్టిండు. నల్లబట్టల తల దూర్చిండు. పని కాడున్న ముసలోళ్లందరు ఒకటే మాట, గా పెట్టె కన్ను ఎవల మొకం మీద పడితే వాల్ల ఆయుష్షు తాగుతది అని. దొర మాట కాదనలేక మొగోల్లు నిలబడ్డరు. నేను తట్ట పట్టుకొని కట్ట మీదున్న. ఎవ్వరు కదలొద్దు, కదిలితే మొకం పడదని దొర ఒర్లిండు. మేస్త్రీ తెలుగుల చెప్పిండు. కదిలితే పడదా, అయితే కదిలియ్యాలె అనుకున్న. ఏమని పిల్వాలె? అందరిట్ల 'ఓ అయ్యా' అంటే పద్నాలుగు మంది తిరుగుతరు. పేరు పెట్టి పిలిచిన."

మొగని పేరు నోట పలకడం మా ఇండ్లలో లేదు. నాయిన పేరు కూడా నాకు మా తాత చెప్తేనే తెలిసింది.

"గదొక్కసారే పిలిచిన. మొదలు అదే, ఆఖరు అదే. పేరు ఇని నివ్వెరపోయి ఇటు తిరిగిండు. దొర తిట్టిండు. అందరు నవ్విండ్రు. ఆయుష్షు దక్కిచ్చుకున్ననని నేను లోపల సంబురపడ్డ. వారం తిరగలే, జ్వరమొచ్చింది. పోయిండు. మనిషిని దక్కిచ్చుకోలే, మొకం గూడ లేకుంట చేసిన. నువ్వు అడిగినప్పుడల్ల నాకు గొంతు పట్టుకపోయేది. ఒకేల నేను పిలిచినా పడ్డదేమో, జరంతన్న పడ్డదేమో అని వచ్చిన. పడలేదు గద?"

"పడలేదు," అన్నాను.

నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. చాలా వచ్చింది. అందరికీ తండ్రి ఉన్నాడు, లేకపోతే తండ్రి ఫోటో ఉంది. నాకు ఉండాల్సిన ఒక్క ఫోటో, చేతికి అందేటంత దగ్గర, ఇట్లా అయింది. ఆమెను అక్కడే వదిలి బయటికి పోయి, పసుపు పూసిన ఆ ఇంజను మెట్టు మీద కూచున్నాను. సన్నాసి అన్నాను, బుద్ధిలేనోడు అన్నాను, అదీ గుర్తొచ్చి ఏడ్చాను. తిరిగి లోపలికి పోయేసరికి, అమ్మ అద్దం మీద చెయ్యి పెట్టి తడుముతోంది. ఆమె వేలు ఎవరో వేరేవాని మీద ఉంది. ఖాసిం సాహెబ్ ఆమె ముంజేతిని మెల్లగా పట్టుకొని జరిపి, "గిక్కడమ్మా, గిక్కడ," అన్నాడు.

తిరుగు దారి

మామ పల్లికాయ సంచి నింపి బస్సెక్కించాడు. జడ్చర్ల దాకా నేను అమ్మతో మాట్లాడలేదు. జడ్చర్లలో చాయ తెచ్చిచ్చాను గానీ మాట్లాడలేదు. ఆమె కూడా పలకరించలేదు. కొంగు తల మీదికి లాక్కొని, తప్పు చేసి బడి గోడ పక్కన నిలబడ్డ పిల్లలాగా ముడుచుకొని కూచుంది. అరవై ఏళ్ల మనిషి. ఇరవై ఏళ్లు కూడా నిండనినాడు, చావును అడ్డుకోవడానికి తనకు తెలిసిన ఒకే ఒక్క ఉపాయం చేసింది. నేను ఆమె స్థానంలో, ఆమెకు తెలిసినంతే తెలిసి ఉంటే, నేను కూడా పిలిచేవాణ్ని. ఈ సంగతి తట్టడానికి నాకు ఇరవై మైళ్లు పట్టింది.

బస్సు వాగులోకి దిగింది. ఇసుకలో చక్రాలు గిర్రుమన్నాయి.

"దుందుభేనా?" అంది అమ్మ, నన్ను కాదన్నట్టు.

"ఊ," అన్నాను. వాగు దాటి గడ్డెక్కాక అడిగాను. "ముక్కు ఎట్లుంటుండె అమ్మా?"

అమ్మ తల మీది కొంగు కొంచెం వెనక్కి జరుపుకొంది. తరువాత చెప్పింది.

"నీ ముక్కు గాదు. నీది మా అన్నదమ్ములది. ఆయనది జర సప్పటిది. కొసకు మొటిక లెక్క ఉంటుండె."

"కనుబొమ్మలు?"

"నడుమ కలిసిపోయినయి. అమ్మవారు పోసిన మచ్చలు రెండు, ఎడమ చెంప మీద. పొటేలు కుమ్మితే కుడి చెవి కొస చీలింది. సన్న నోరు. మీసం మంచిగ రాకపోతుండె, దానికి ఒకటే బాధ పడేది."

నవ్వు వచ్చింది నాకు. మూడోవాని మీసానికి మొక్కుకున్నందుకు కూడా. కల్వకుర్తిలో బస్సు మారాం. ఈసారి ఎక్కేముందు అడిగే ఎక్కాను. అమ్మ చెప్తూనే ఉంది. నడక, గొంతు, అంబలి తాగేటప్పుడు మూతికి అంటుకునేది, పళ్ల మధ్య సందు. నలభై ఏళ్లుగా దాచిపెట్టిందంతా ఒక్క బస్సు ప్రయాణంలో బయటికి తీసింది. ముందు సీటువాళ్లు కూడా మెడలు తిప్పి వింటున్నారు. నాకు సిగ్గు కూడా అనిపించలేదు.

డిండి కట్ట కాడ బస్సు ఆగినప్పుడు, "నవ్వితే?" అని అడిగాను.

"నవ్వితే ఎడమ కన్ను ముందుగాల మూసుకునేది. పేరు పెట్టి పిలిచిన గా దినం గూడ గట్లనే, నవ్వుకుంట తిరిగిండు," అంది అమ్మ. "గా మొకం దొర పెట్టెకు పడలేదు కొడుకా. నేను ఎదురుంగ ఉన్న, నాకు పడ్డది."